ఒకే ఇంట్లో షుగర్, కిడ్నీ, గోధుమ పడని పాప: రాత్రి వంట నెలకి 6,000లో ఎలా?

మారతహళ్ళి_కోడలు
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, ఇంట్లో ఐదుగురం. అత్తగారికి ఏళ్ళుగా షుగర్. మామగారికి బీపీ, ఈమధ్య క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి గానీ డయాలసిస్ దాకా వెళ్ళలేదన్నారు. ఆరేళ్ళ పాపకి సీలియాక్ అని తేలింది, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పేగుకి పడదు, జీవితాంతం గోధుమ ముట్టకూడదట. నాకూ మావారికీ ఏ పథ్యమూ లేదు, కానీ ఇద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్ళమే, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర.

ఇప్పుడు ఎలా నడుస్తోందంటే, అత్తగారికి చపాతీలు, పాపకి గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్ పిండితో వేరే రొట్టె, మామగారికి ఉప్పు తగ్గించిన కూర, మా ఇద్దరికీ మామూలు కూర. అంటే రోజూ నాలుగు వంటలు. ఆ ప్యాకెట్ పిండి, షుగర్ వాళ్ళ పిండి అని ఇంకొకటి, ఓట్స్, ఇలా నెల సరుకుల డబ్బులో పెద్ద భాగం వీటికే పోతోంది. రాత్రి భోజనం నెలకి 6,000లో, అంటే పూటకి 200లో జరగాలి, అంతకుమించి మా వల్ల కాదు. ముగ్గురికీ ఇచ్చిన డైట్ కాగితాలు పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పొసగవు. ఒకరికి పప్పు, ఆకుకూరలు బాగా పెట్టమని ఉంది, ఇంకొకరికి అవే తగ్గించమని ఉంది. వంటగదిలో నిలబడితే ఏడుపొస్తోంది. ఎవరైనా ఇలాంటి ఇల్లు నడిపినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_కారం
అక్కా, టెన్షన్ పడకండి. వద్దన్నవి పక్కన పెట్టి, ముగ్గురికీ కుదిరేవి ఏమున్నాయో ముందు ఒక కాగితం మీద రాయండి. అన్నం, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, పెసరపప్పు కొద్దిగా, మజ్జిగ... ఇలా మొదలుపెడితే మీరు అనుకున్నదానికంటే పెద్ద జాబితానే వస్తుంది.

గోధుమలేని_ఇల్లు
మా బాబుకీ సీలియాకే, విజయనగరలో ఉంటాం, చాలా ఏళ్ళుగా ఈ వంట చేస్తున్నదాన్ని కాబట్టి కచ్చితంగా చెప్పగలను: పాపకి వేరే వండడం మానేయండి. రాత్రి వంటలోంచి గోధుమనే తీసేయండి, అందరికీ. చపాతీ పిండి కలిపిన చేయి, పీట, అప్పడాల కర్ర, పెనం, వీటన్నిటినుంచీ పాప రొట్టెకి అంటుతుంది, కొంచెమైనా పేగుకి దెబ్బే. ఒకే వంటింట్లో రెండు రకాల పిండి రోజూ జాగ్రత్తగా వాడటం ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి వల్ల అయ్యే పని కాదు. మన వంటలో గోధుమ లేకుండా జరగనిది ఏముంది చెప్పండి? అన్నం, రాగి, జొన్న, సజ్జ, కొర్రలు, పెసరట్టు, ఇడ్లీ, అటుకులు, ఇవేవీ గోధుమ కావు. గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్ పిండి మీద పెట్టే డబ్బంతా మిగులుతుంది.

అయితే కనపడకుండా దూరేవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరే అందరూ దెబ్బతింటారు. మొదటిది ఇంగువ. డబ్బా వెనక చదవండి, పొడి ఇంగువలో మైదా గానీ గోధుమ పిండి గానీ కలిపి ఉంటుంది చాలావాటిలో. బియ్యప్పిండి కలిపినవి కూడా దొరుకుతాయి, అవే తీసుకోండి, లేదా ఇంగువ మానేసి వెల్లుల్లి వేయండి. ఆ ఇంగువే సాంబారు పొడి, రసం పొడి ప్యాకెట్లలోకి కూడా వస్తుంది. రాగి సేమియా అని కొంటాం, అందులో గోధుమో మైదానో ఉంటుంది. రాగి బిస్కెట్లూ అంతే. మల్టీగ్రెయిన్ ఆటా అంటే ఎక్కువ భాగం గోధుమే. ఉప్మా రవ్వ గోధుమది, ఇడ్లీ రవ్వ బియ్యానిది, రెండూ ఒకే చెంచాతో తీయకండి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. పిల్లలకి పాలల్లో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ ఉంటుంది, బార్లీలోనూ గ్లూటెనే. మామగారికి కిడ్నీకి మంచిదని ఎవరో ఒకరు బార్లీ నీళ్ళు కాచమంటారు, ఆ గిన్నె పాప దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇంకోటి, పిండి మర. గోధుమలు ఆడించిన వెంటనే మన రాగులు పోస్తే ముందు వచ్చేదంతా గోధుమ కలిసిన పిండే. మేం రాగులు, జొన్నలు గింజలుగా కొని కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో కొద్దికొద్దిగా పడతాం. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉండకూడదని నియమం. మీరు ఎప్పుడైనా ప్యాకెట్ కొనాల్సి వస్తే ఆ మాట ఉన్నదే కొనండి, ‘మిల్లెట్’ అని పెద్దగా రాసినంత మాత్రాన నమ్మకండి.

ఒక మాట ముఖ్యం. మీరూ మీవారూ కూడా సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి, దగ్గరి రక్తసంబంధీకులకి ఉండే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. ఆ పరీక్ష అయ్యేదాకా మీరిద్దరూ గోధుమ మానకండి, మానేస్తే పరీక్షలో తేలదు. మధ్యాహ్నం ఆఫీసులో చపాతీ తింటుంటే సరిపోతుంది.

కొర్రన్నం
నా అనుభవంలో దీనికంతటికీ ఒకటే మార్గం, సిరిధాన్యాలు. అన్నం మొత్తం మానిపించి ముగ్గురికీ కొర్రలు, అరికెలు, రాగులు పెట్టండి. షుగర్ మాత్రలే అక్కర్లేకుండా పోతాయి, కిడ్నీ కూడా దారికొస్తుంది.

ఆహార_లెక్క
కొర్రన్నం గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ ఈ ఇంటికి ఈ సలహా ప్రమాదం. నేను బెంగళూరులో ఒక ఆస్పత్రిలో డైటీషియన్‌ని, రోజూ చూస్తుంటాను.

100 గ్రాముల రాగి పిండిలో పిండిపదార్థం సుమారు 70 గ్రాములు, బియ్యంలో 78 దాకా. రాగిలో పీచు ఎక్కువ, కాల్షియం చాలా ఎక్కువ, 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, అది నిజమే. కానీ పెద్ద ముద్ద తింటే షుగర్ పెరుగుతుంది, జావలా తాగితే ఇంకా త్వరగా పెరుగుతుంది. అత్తగారికి ధాన్యం ఏదన్నది రెండో సంగతి, ఎంత అన్నది మొదటి సంగతి. చిన్న ముద్ద లేదా ఒక జొన్న రొట్టె, దానికి రెట్టింపు కూర, పక్కన పప్పో గుడ్డో. మాత్రలు తగ్గించడం, ఆపడం డాక్టరు పని, ఏ ధాన్యం పనీ కాదు.

ఇక మామగారు. రాగుల్లో, ముడి ధాన్యాల్లో పొటాషియం, ఫాస్ఫరస్ తెల్ల అన్నంలో కంటే ఎక్కువ. పొటాషియం పెరిగిన కిడ్నీ మనిషికి తెల్ల అన్నమే నయం. అందరికీ మంచిదని టీవీలో చెప్పేది ఆయనకి చెడు చేయొచ్చు.

మారతహళ్ళి_కోడలు గారూ, రెండు విషయాలు చెప్పండి. ఆయన రిపోర్టులో పొటాషియం ఎంతుంది? ఆయన బరువెంత?

మారతహళ్ళి_కోడలు
పొటాషియం 5.4 అని ఉందండీ. బరువు 65 కిలోలు.

ఆహార_లెక్క
సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, కాబట్టి ఈయన విషయంలో పొటాషియం చూసుకోవాలి. కిడ్నీ రోగులందరికీ ఇది అక్కర్లేదు, రిపోర్టులో పెరిగితేనే. చాలామంది పెరగకపోయినా భయపడి కూరగాయలన్నీ మానేసి నీరసపడిపోతారు. ఆయన ఏ బీపీ మాత్ర వేసుకుంటున్నారో కూడా డాక్టర్‌కి గుర్తుచేయండి, కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి. అలాగని మాత్ర మీరే ఆపకండి.

మాంసకృత్తులు డయాలసిస్ లేని దశలో కిలో బరువుకి 0.8 గ్రాములు అంటాం, అంటే ఆయనకి రోజుకి 52 గ్రాములు. (డయాలసిస్ మొదలైతే లెక్క మారిపోతుంది, అప్పుడు పెంచాలి. పక్కింటివాళ్ళ కాగితం చూసి పాటించొద్దని చెప్పేది అందుకే.) 30 గ్రాముల పచ్చి కందిపప్పులో ఆరేడు గ్రాములు వస్తాయి. కాబట్టి పప్పు పూర్తిగా నిషేధం కాదు, రాత్రికి ఒక చిన్న గిన్నెడు పెట్టొచ్చు. మీ మూడు కాగితాలూ కొట్టుకోవడం లేదు, ఒకే గిన్నెలోంచి ఎవరికి ఎంత అన్నదే తేడా.

హెబ్బాళ_నాన్న
ఉప్పు విషయంలో మా ఇంట్లో తక్కువ సోడియం ఉప్పు వాడుతున్నాం, రుచి తేడా పెద్దగా తెలియదు. మామగారికి అది కొనండి, వేరే కూర అక్కర్లేదు.

ఆహార_లెక్క
దయచేసి వద్దు! ఆ ఉప్పులో సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఒక్కటే ఉండి కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ళకి మంచిదే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి, అందులోనూ పొటాషియం 5.4 ఉన్నాయనకి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పు గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళని మినహాయించారు. మామూలు ఉప్పే, తక్కువగా.

మారతహళ్ళి_కోడలు
అయ్యో, సరుకుల యాప్‌లో ఆ ఉప్పు బుట్టలో పెట్టి ఉంచాను. ఇప్పుడే తీసేశాను. చాలా థ్యాంక్స్ అండీ.

రాగి_సంగటి
మాది మదనపల్లి దగ్గర పల్లె, రాగులు మా ఇంటి పంట. ధర గురించి నేను చెప్తాను. కేంద్రం 2025-26కి రాగులకి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు. కిలో 49 కూడా కాదు. కందులకి 8,000, అంటే కిలో 80. అంగడికి వచ్చేసరికి శుభ్రం చేసి, రవాణా కలిపి పెరుగుతుంది, సరే. కానీ అదే రాగిని రంగురంగుల సంచిలో పోసి ‘డయాబెటిక్ మిక్స్’ అని పేరుపెట్టి ఎంతకి అమ్ముతున్నారో మీకే తెలుసు. పండించినవాడికి ఆ పేరుతో ఒక్క పైసా రాదు. గింజలుగా కొనండి. బెంగళూరులో యశ్వంతపురం ఏపీఎంసీ యార్డు (వ్యవసాయ టోకు మార్కెట్) వైపు గానీ, కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల పాత అంగళ్ళలో గానీ పప్పులూ ధాన్యమూ రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటే చాలా తేడా వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఆటో మాట్లాడుకుని వెళ్తే కిరాయి కూడా భారం కాదు. ఉలవలు అక్కడ హురుళికాళు అని అడగండి, కందిపప్పుకంటే చవకగా దొరుకుతాయి.

వంట సంగతికొస్తే మా అమ్మ చేసేది చెప్తాను, మా నాయనకి షుగర్, మా పెద్దనాయనకి కిడ్నీ, ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చునేవాళ్ళు. కుక్కర్‌లో అడుగు గిన్నెలో పప్పు, సొరకాయ ముక్కలు, పసుపు, అంతే. ఉప్పు లేదు, చింతపండు లేదు. పై గిన్నెలో బియ్యం. కుక్కర్ దిగాక పెద్దనాయన వాటా ముందు తీసి పక్కన పెట్టేది. దాంట్లో పప్పు తక్కువ, సొరకాయ ముక్కలు ఎక్కువ. మిగతాదాంట్లో ఉప్పు, పులుపు. ఆ తర్వాత ఒకే పోపు, నూనె, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరప, కరివేపాకు. రెండు గిన్నెల్లోకీ పంచేది. పెద్దనాయన గిన్నెలో మాత్రం దించాక నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లేది. వెల్లుల్లి మాడకుండా ఎర్రగా వేగితే ఉప్పు తక్కువైనట్టు నాలుకకి తెలీదు. నాయనకి చిన్న ముద్ద, పెద్దనాయనకి అన్నం. వంట ఒకటే, చివర్లో విడిపోతుంది.

గోధుమలేని_ఇల్లు
ఇదే, ఇదే! మారతహళ్ళి గారూ, ఈ పద్ధతి పట్టుకోండి. సంగటి గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఒంటి_కుక్కర్
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక్కణ్ణే ఉంటా, ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక కుక్కర్. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలు. పనీర్, బాదం పాలు అంటూ వీడియోల్లో చెప్పేవి నా జీతానికి అందవు. రాత్రికి ఏం తినాలి?

ఆహార_లెక్క
పాలు తాగినప్పుడు మాత్రమే ఇలా అయి, పెరుగు తింటే ఇబ్బంది లేకపోతే అది చాలావరకు లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, అరగకపోవడం. తోడుకున్నప్పుడు లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది కాబట్టి పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, కొద్దిగా తిని చూడండి. అదే దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం ఉంటే అది అలర్జీ, అప్పుడు పెరుగు, నెయ్యి కూడా ముట్టకుండా డాక్టర్ని కలవండి. కాల్షియంకి బాదం పాలు అక్కర్లేదు. రాగి, నువ్వులపొడి చాలు. మాంసకృత్తులకి మీల్‌మేకర్ కంటే చవకైనది కనపడదు, ఎండు మీల్‌మేకర్ 100 గ్రాముల్లో సగం మాంసకృత్తులే. గుడ్డు తింటే ఒక్కోదానికి ఆరు గ్రాములు.

రాగి_సంగటి
తమ్ముడూ, ఉలవలు పొద్దున నానబెట్టి రాత్రికి కుక్కర్‌లో పెట్టు, ఆ నీళ్ళతో చారు, గింజలతో పోపుకూర. రెండు పూటలకొస్తుంది.

మారతహళ్ళి_కోడలు
కూరగాయలు చెప్పండి ఎవరైనా. ఆకుకూరలు అత్తగారికి కావాలి, మామగారికి ఎలా?

బెజవాడ_కారం
నేను మడివాళ మార్కెట్‌లో కొంటాను, చీకటిపడ్డాక వెళ్తే మిగిలినవి తగ్గించి ఇచ్చేస్తారు. అంత దూరం కుదరకపోతే దగ్గర్లో హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) కూరగాయల అంగడి ఉందేమో చూడండి, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం బాధ ఉండదు.

ఆహార_లెక్క
అదృష్టం ఏమిటంటే పొటాషియం తక్కువున్న కూరలే చవకవి కూడా. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, క్యాబేజీ, దోసకాయ, ఇంకా బెంగళూరు వంకాయ, అదే ఇక్కడ సీమె బదనెకాయి. ఇవి అత్తగారికీ మంచివే, పాపకీ మంచివే. బంగాళదుంప, చిలగడదుంప, టమాటా ఎక్కువ వేసిన పులుసులు, కొబ్బరినీళ్ళు, అరటిపండు మామగారికి తగ్గించాలి. ఆకుకూర వండే రోజు ఆకు సన్నగా తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, ఆయనకి రెండు చెంచాలు మాత్రం పెట్టండి. అత్తగారి వాటా మామూలుగా వండుకోవచ్చు. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే ఆమె కంచంలో నిమ్మరసం పిండండి.

డిసెంబరు, జనవరిలో అనపకాయలు, ఇక్కడివాళ్ళ అవరెకాళు, కుప్పలుగా వస్తాయి. అవి కూరగాయ కాదు, పప్పు లెక్కలోకి వస్తాయి. ఆ పూట వేరే పప్పు వద్దు.

ఉప్పుకి ఒక లెక్క పెట్టుకోండి. పెద్దవాళ్ళకి మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు. ఐదుగురికి 30 రోజులకి 750 గ్రాములు, అదీ పచ్చళ్ళు, అప్పడాలు, బయటి తిండిలో ఉన్నది కలుపుకుని. పాపకి ఇంకా తక్కువ. మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ నెల తిరక్కుండానే అయిపోతోందంటే మామగారికి మాత్రమే కాదు, అందరికీ తగ్గించే పని ఉంది. అప్పడంలో ఉప్పుతోపాటు సోడా కూడా ఉంటుంది, ఆయన కంచంలోకి రానివ్వకండి.

హెబ్బాళ_నాన్న
చపాతీ మానేస్తే అత్తగారు ఒప్పుకుంటారా అన్నది అసలు ప్రశ్న. మా అమ్మ అయితే రాత్రి చపాతీ తింటేనే షుగర్ తగ్గుతుందని గట్టిగా నమ్ముతుంది.

గోధుమలేని_ఇల్లు
జొన్న రొట్టె పెట్టండి, చపాతీ ఊసెత్తరు. చేయడం రాదంటే వేడినీళ్ళు మరగనిచ్చి పిండి తడపండి, చల్లనీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. తడి బట్ట మీద చేత్తో తడితే చాలు, కర్ర అక్కర్లేదు. ఉత్తర కర్ణాటక వాళ్ళ ఖానావళుల్లో, రొట్టె అంగళ్ళలో కడక్ జొన్న రొట్టెలు కట్టలుగా అమ్ముతారు, రోజుల తరబడి నిలవుంటాయి. పాపకి పెట్టాలంటే మాత్రం చేసేవాళ్ళని అడగండి, తట్టేటప్పుడు గోధుమ పిండి చల్లుతారా అని. చల్లుతామంటే పాపకి వద్దు, అసలు ఇంట్లోకే వద్దు.

కొర్రన్నం
ఆహార_లెక్క గారు చెప్పినవి చదివాక మా చెల్లెలి మామగారికి కూడా రిపోర్టు చూపించి కనుక్కుని పెట్టమని ఫోన్ చేశాను. కొర్రలు మాత్రం అత్తగారికి అన్నం బదులు కొలతగా పెట్టొచ్చు కదా?

ఆహార_లెక్క
పెట్టొచ్చండీ, తప్పకుండా. నానబెట్టి వండితే బాగా ఉడుకుతాయి, వండినవి ఒక చిన్న కప్పు. కూర ముందు తిని తర్వాత ధాన్యం తినమనండి, షుగర్ పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది.

మారతహళ్ళి_కోడలు
అన్నీ చదివి రాత్రి కూర్చుని వారానికి రాసుకున్నాను, చూసి చెప్పండి. ఆదివారం జొన్నలు, రాగులు మిక్సీ పట్టి పెడతాను, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లితో ఉప్పులేని కారప్పొడి ఒక సీసా చేస్తాను. సోమవారం సొరకాయ పప్పు సంగటి గారి అమ్మగారి పద్ధతిలో, అన్నం, అత్తగారికి చిన్న ముద్ద. మంగళవారం జొన్న రొట్టె, బీరకాయ కూర, మామగారికి అన్నం. బుధవారం తోటకూర పప్పు. గురువారం పెసరట్లు, అల్లం పచ్చడి, ఇవి అందరికీ ఒకటే. శుక్రవారం క్యాబేజీ పెసరపప్పు కూర, ఉలవచారు. శనివారం కోడిగుడ్డు పులుసు. ఆదివారం రాత్రి ఇడ్లీ. గోధుమ పిండి డబ్బా కిందింటి వాళ్ళకి ఇచ్చేస్తున్నాను, పెనం, పీట కొత్తవి కొంటాం. ప్యాకెట్ పిండ్లు, ఓట్స్ తీసేస్తే లెక్క పూటకి 200 లోపే వస్తోంది, కొంచెం మిగులుతోంది కూడా.

ఆహార_లెక్క
బాగుందండీ. కొన్ని మార్పులు. బుధవారం తోటకూర అత్తగారికి, పాపకి, మీకు ఉంచి, మామగారికి పప్పులో బీరకాయ ముక్కలు వేసి విడిగా చిన్న గిన్నెలో పెట్టండి, అదే కుక్కర్‌లో పడుతుంది. ఆకుకూర రెండు చెంచాలన్నాను గానీ, పొటాషియం తగ్గేదాకా తోటకూర మాత్రం ఆయనకి అసలే వద్దు. గురువారం పెసరట్టు అంతా పప్పే, ఆయనకి ఒకటి చాలు, ఆకలి తీరకపోతే పక్కన కొంచెం మజ్జిగన్నం. శుక్రవారం పెసరపప్పు, ఉలవలు రెండూ పప్పులే కాబట్టి ఆయనకి క్యాబేజీ కూర మాత్రం పెట్టి ఉలవచారు ఆపండి, అందులో పొటాషియం కూడా ఎక్కువ. శనివారం పులుసులో టమాటా తగ్గించండి. పాప ఇడ్లీ పిండిలో ఏం కలుపుతున్నారో బయట కొంటే అడగండి, ఇంట్లో రుబ్బితే ఆ బాధే లేదు.

గోధుమలేని_ఇల్లు
అల్లం పచ్చడిలోకి ఇంగువ వేస్తారేమో, ఆ డబ్బా ముందు చదవండి.

మారతహళ్ళి_కోడలు
చదివాను అక్కా, మైదా అని ఉంది. పారేశాను. బుధ, శుక్రవారాలు మార్చి రాసుకున్నాను. మావారు వచ్చే శనివారం యశ్వంతపురం వెళ్తానంటున్నారు, మారతహళ్ళి, మున్నేకొళాల వైపు ఎవరైనా కలిసి వస్తారా? మామగారికి వచ్చే నెల మొదట్లో రక్తపరీక్ష ఉంది, పొటాషియం ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.